గోడలు సొంతం.. నేల అద్దె

వాషింగ్టన్ రాష్ట్ర గవర్నర్ బాబ్ ఫెర్గూసన్ 2025 మే 7న అద్దెల బిల్లుపై సంతకం చేశారు. మామూలు అద్దె ఇళ్లకు ఏడాదికి గరిష్ఠంగా 10 శాతం దాకా పెంపును అనుమతించిన ఆ చట్టం, మొబైల్ హోమ్ పార్కుల్లో స్థలం అద్దెకు మాత్రం 5 శాతం దగ్గరే గీత గీసింది. అదే ఏడాది పొరుగున ఉన్న ఒరెగాన్, 30కి మించి స్థలాలున్న పార్కులకు 6 శాతం పరిమితి పెట్టింది. అద్దె ఇంట్లో ఉండేవారి కన్నా సొంతిల్లు ఉన్నవారికి ఎక్కువ రక్షణ ఎందుకు? తిరకాసంతా ఆ ‘సొంతం’లోనే ఉంది.

అమెరికాలో సుమారు 2 కోట్ల మంది ఫ్యాక్టరీలో తయారై లారీ వెనక రోడ్డెక్కి వచ్చిన ఇళ్లలో బతుకుతున్నారు. ప్రభుత్వ సాయం లేకుండా పేదలకు, చిరు పింఛనుదారులకు అందే సొంతిల్లు అక్కడ దాదాపు ఇదొక్కటే. పార్కుల్లో ఉన్నవారికి ఇల్లు వారిదే, దాని కింది నేల మాత్రం పార్కు యజమానిది. నెలనెలా స్థలం అద్దె కట్టాలి. పెంపు భరించలేకపోతే ఇంటిని తీసుకుపోవచ్చు కదా అంటే, అది కాగితం మీద మాటే. ఇంటి కింద ఉక్కు చట్రం అలాగే ఉంటుంది గానీ చుట్టూ రేకులు కప్పేసి, వరండా అతికించి, తుపాను గాలికి లేవకుండా నేలలోకి పట్టీలు దిగ్గొట్టి ఉంటారు. కదపాలంటే వేల డాలర్లు కావాలి. 1976 జూన్ 15 తర్వాత తయారైన ఇంటి వెనక గోడకు కేంద్ర ప్రమాణాలను సూచించే చిన్న ఎర్ర లోహపు బిళ్ల ఉంటుంది. అంతకన్నా పాత ఇంటిని చాలా పార్కులు రానివ్వవు. అలా పార్కులో దిగిన ఇళ్లలో తిరిగి కదిలేది నూటికి ఒకటేనని అమెరికా సుప్రీంకోర్టే 1992లో ప్రస్తావించింది.

పెట్టుబడిదారుల కన్ను పడింది సరిగ్గా ఈ కదలలేనితనం మీదే. ఏ స్థలంలో ఏం కట్టాలో తేల్చే జోనింగ్ నిబంధనల వల్ల కొత్త పార్కులు పుట్టడం అరుదు, ఉన్నవారు పోలేరు. అద్దె పెంచితే రాబడి పెరగడం ఖాయం. ఈ వ్యాపారంలో ఇతరులకు శిక్షణ ఇచ్చే ఫ్రాంక్ రోల్ఫ్ దాన్ని దాచుకోలేదు. ఖాతాదారులను కుర్చీలకు గొలుసులతో కట్టేసిన వాఫుల్ హౌస్ హోటల్‌తో పార్కును పోల్చారు.

ఇంటి నిర్మాణానికి కేంద్ర ప్రమాణాలున్నాయి, స్థలం అద్దె మాత్రం రాష్ట్రాల చేతిలో ఉంది. అందుకే ఒక్కో రాష్ట్రానిదీ ఒక్కో దారి. అద్దెకు పగ్గం వేయడం మొదటిది. న్యూయార్క్ 2019లో సాధారణ పెంపును 3 శాతానికి పరిమితం చేసింది. కాలిఫోర్నియాలోని ఎస్కాండిడో నగరం అద్దెలను 1986 నాటి స్థాయికి తగ్గించినప్పుడు, తమ ఆస్తిని లాక్కున్నట్టేనంటూ యజమానులు సుప్రీంకోర్టుకెక్కారు. అద్దెకిచ్చింది యజమానులే, బలవంతం ఎవరిదీ లేదంటూ కోర్టు 1992లో ఆ వాదనను తోసిపుచ్చింది.

పరిమితి పెడితే మరమ్మతులకు డబ్బుండదన్నది యజమానుల మాట. నీటి గొట్టాలు, మురుగు కాలువలు శిథిలమైన పార్కుల విషయంలో అందులో నిజం లేకపోలేదు. అసలు లోపం వేరే ఉంది. అద్దెకు పగ్గం వేసినా, యజమాని పార్కునే మూసి స్థలాన్ని అపార్ట్‌మెంట్లకు అమ్మేస్తే ఆ పగ్గం ఎవరినీ కాపాడదు.

దానికి మందు న్యూహాంప్‌షైర్‌లో దొరికింది. 1984లో మెరెడిత్‌లో 13 కుటుంబాలు సహకార సంఘంగా ఏర్పడి, ఒక లాభాపేక్ష లేని రుణనిధి సాయంతో తమ పార్కును తామే కొనుక్కున్నాయి. పార్కు అమ్మే ముందు యజమాని నివాసులకు 60 రోజుల నోటీసు ఇవ్వాలని ఆ రాష్ట్రం తర్వాత చట్టం చేసింది. ఆ చిన్న రాష్ట్రంలో ఇప్పుడు ఇలాంటి సహకార పార్కులు 140కి పైగా ఉన్నాయి. అద్దె ఎంతన్నది నివాసులే ఓటేసి తేల్చుకుంటారు.

కొలరాడో అనుభవం ఇంకా విలువైనది. 2020 చట్టం నివాసులకు కొనుగోలు ప్రతిపాదన పెట్టేందుకు 90 రోజులిచ్చింది. ఆ అవకాశంతోనే డురాంగోలోని ఆనిమస్ వ్యూ పార్కును మరుసటి ఏడాది నివాసులే కొన్నారు. కోట్ల డాలర్ల రుణం కుదిరేలోపు గడువు తీరిపోతోందని గ్రహించి, 2022లో దాన్ని 120 రోజులు చేశారు. కొనుగోళ్లకు 3.5 కోట్ల డాలర్ల రుణనిధినీ అదే ఏడాది పెట్టారు. అయితే గడువు పెంచిన బిల్లులోని అద్దె పరిమితి గవర్నర్ జేరెడ్ పోలిస్ అభ్యంతరంతో ఎగిరిపోయింది. కొనే స్తోమత లేని పార్కుల్లో నివాసులు పెంపులకు ఎదురు నిలిచే దారి లేకుండా మిగిలారు.

అంటే గడువు, రుణం, అద్దె పరిమితి.. మూడూ కలిసి ఉండాలి. రుణం లేని గడువుతో నివాసులు చేసేదేమీ ఉండదు. అద్దెకు హద్దు లేకపోతే సంఘం కట్టే లోపే బలహీన కుటుంబాలు ఖాళీ చేస్తాయి.

రాష్ట్రాలు కదలకపోయినా కేంద్ర ప్రభుత్వం చేతిలో ఒక పట్టు ఉంది. పార్కులు కొనే పెట్టుబడిదారులకు చౌకగా అప్పు పుట్టడంలో కేంద్రం అండ ఉన్న గృహరుణ సంస్థలు ఫ్రెడ్డీ మ్యాక్, ఫ్యానీ మేల పాత్ర పెద్దది. ఫ్రెడ్డీ మ్యాక్ 2021 నుంచి ఆ రుణాలకు షరతులు పెట్టింది. అద్దె పెంచితే 30 రోజుల నోటీసు, పార్కు అమ్మితే లేదా మూసేస్తే 60 రోజుల నోటీసు వాటిలో ఉన్నాయి. పెంపుపై పరిమితి మాత్రం లేదు. కొలరాడో తరహా 120 రోజుల గడువును, వాషింగ్టన్ రాష్ట్రం తరహా అద్దె హద్దును ఆ షరతుల్లో చేర్చితే పార్కు నివాసుల కోసం ఖజానా నుంచి కొత్తగా ఒక్క డాలరూ తీయనక్కర్లేదు. ఆ షరతులు నచ్చని పెట్టుబడిదారు అప్పు వేరేచోట తెచ్చుకోవచ్చు.