తెల్లబడాలని రాస్తే.. కిడ్నీకే ఎసరు!

పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, ఫెయిర్‌నెస్ క్రీములకు గిరాకీ. 'వారంలో ఛాయ మారుతుంది' అని ఎవరైనా చెబితే డబ్బాలో ఏముందో చూడకుండానే కొనేస్తారు.

కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో వెలుగుచూసిన కేసులు అందరి కళ్లూ తెరిపించాలి. 2021 జూలై నుంచి 2023 సెప్టెంబర్ వరకు ఒకే రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని కొట్టక్కల్‌లో డాక్టర్లు పరిశీలిస్తే, కనీసం 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లేనని తేలింది.

అసలు కారణం పాదరసం. ఇది చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది. అందుకే ముఖం త్వరగా తెల్లబడినట్టు కనిపిస్తుంది. కానీ అదే పాదరసం చర్మంలోంచి రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీలకు చేరుతుంది. వడపోత దెబ్బతిని ప్రొటీన్ మూత్రంలో పోతుంది. మూత్రంలో నురగ, కాళ్ల వాపు కనిపిస్తే వెంటనే పరీక్ష చేయించుకోవాలి. క్రీము మానేస్తే చాలామంది కోలుకుంటారు. తువ్వాళ్ల ద్వారా ఇంట్లో పిల్లలకూ ఇది అంటుకోవచ్చు.

2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ముఖానికి రాసే క్రీములో పాదరసం పొరపాటున కలిసినా 1 పీపీఎం దాటకూడదు. అయితే లేబుల్ లేని డబ్బాకు ఏ రూలూ అడ్డం రాదు. గల్ఫ్ నుంచి చుట్టాలు తెచ్చినదైనా సరే.. తయారీదారు పేరు, అడ్రస్, బ్యాచ్ నంబర్, అందులో కలిపినవాటి వివరాలు లేకపోతే పక్కన పెట్టేయాలి.

జాగ్రత్త ఆడవాళ్లదే అనుకుంటే సరిపోదు. రిష్తా మాట్లాడేటప్పుడు 'పిల్ల తెల్లగా ఉందా?' అని అడిగేది కుటుంబాలే. ఆ ప్రశ్న ఆగితేనే ఈ డబ్బాల గిరాకీ తగ్గుతుంది.