కంప్యూటర్ నిండిపోయిందంటోందా? కంగారు పడకండి!

పండక్కి అటక సర్దేటప్పుడు ఏది పారెయ్యాలో, ఏది దాచాలో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. చిరిగిన గోనెసంచి పోతే పోయింది, అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె మాత్రం గడప దాటనివ్వం. అదే కంప్యూటర్ "జాగా లేదు" అని మొరాయిస్తే మాత్రం కంగారులో చేతికి దొరికింది తుడిచేస్తాం. సాధారణంగా మొదట బలయ్యేవి ఏమిటో తెలుసా? ఫోటోలు! పాప అన్నప్రాసన, మామగారి షష్టిపూర్తి... మళ్ళీ తీయించుకోలేనివి అవే కదా! కాబట్టి ఈ వారం విండోస్ 10, 11 ఉన్న కంప్యూటర్లలో జాగా ఎలా చేసుకోవాలో వరసగా చెప్పుకుందాం.

ముందు ఏది నిండిందో చూడండి

'దిస్ పీసీ' తెరిస్తే సి అనీ, కొన్నింటిలో డి అనీ డ్రైవ్‌లు కనిపిస్తాయి. ఖాళీ పదో వంతుకన్నా తగ్గితే ఆ గీత ఎర్రబడుతుంది. చాలా ఇళ్ళల్లో సి నిండిపోయి, డి ఖాళీగా పడి ఉంటుంది. అలాంటప్పుడు సినిమాలు, పెద్ద వీడియోలు డి లోకి మార్చుకుంటే సగం బాధ తీరినట్టే.

అన్నట్టు, "256 జీబీ అని చెప్పి అమ్మారు, ఇక్కడ 238 అని చూపిస్తోంది, మోసపోయామా?" అని కొందరికి అనుమానం. మోసం కాదు. తయారుచేసేవాళ్ళు 100 కోట్ల బైట్లని ఒక జీబీ అంటారు, విండోస్ 107 కోట్ల పైచిలుకు బైట్లని ఒక జీబీగా లెక్కేస్తుంది. కొలపాత్ర వేరు, బియ్యం అవే!

నిర్భయంగా పారెయ్యదగినవి

1. చెత్తబుట్ట: మనం డిలీట్ చేసినవి వెంటనే పోవు, 'రీసైకిల్ బిన్' లో కూర్చుంటాయి. దాన్ని ఖాళీ చేస్తేనే జాగా వస్తుంది. అయితే ఖాళీ చేసేముందు ఒకసారి తెరిచి చూసుకోండి. పిల్లలు పొరపాటున పడేసినవి ఏమన్నా ఉంటే 'రిస్టోర్' నొక్కితే పాత చోటికే వెళ్ళిపోతాయి.

2. తాత్కాలికం సరుకు: 'సెట్టింగ్స్' లో 'సిస్టమ్', అందులో 'స్టోరేజ్', అందులో 'టెంపరరీ ఫైల్స్'. కంప్యూటర్ తన పనికోసం పోగేసుకున్న సరుకంతా ఇక్కడ పట్టీ వేసి కనిపిస్తుంది. టిక్కు పెట్టి 'రిమూవ్ ఫైల్స్' అంటే సరి.

ఇక్కడే ఒక పెద్ద జాగ్రత్త! ఆ పట్టీలోనే 'డౌన్‌లోడ్స్' అని కూడా ఉంటుంది. దానికి టిక్కు పెట్టకండి. పిల్లల హాల్ టికెట్లు, ఆధార్ కాగితం, పొలం పత్రాలు, కరెంటు బిల్లుల రసీదులు మనం ఎక్కడా దాచకపోతే ఉండేది ఆ డౌన్‌లోడ్స్ లోనే.

3. పాత విండోస్: అదే పట్టీలో 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్' అని కనబడితే, అది కొత్త విండోస్ వేసినప్పుడు మిగిలిన పాతది. చాలా జీబీలు మింగుతుంది. కొత్తది బాగా నడుస్తోంటే తీసెయ్యొచ్చు. తీసేశాక మాత్రం పాతదానికి వెనక్కి వెళ్ళడం కుదరదు. మామూలుగా పది రోజులయ్యాక విండోసే దాన్ని తీసేస్తుంది.

4. డౌన్‌లోడ్స్: దీన్ని చేత్తో ఏరుకోవాలి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు! 'వ్యూ' లో 'డీటెయిల్స్' పెట్టుకుని 'సైజ్' అన్నచోట నొక్కితే పెద్దవన్నీ పైకి వస్తాయి. చూసేసిన సినిమాలు, రెండేసి సార్లు దిగిన ఫైళ్ళు తీసెయ్యండి. పనికొచ్చే కాగితాల్ని వేరే ఫోల్డర్‌లో పెట్టి దానికో పేరు పెట్టండి.

ఫోటోల జోలికి చివర్లో వెళ్ళండి

పైవన్నీ చేశాక కూడా చాలకపోతే అప్పుడు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనుక్కోండి. ఫోటో ఒక్కోటి 4 ఎంబీ అనుకున్నా, 1 టీబీ డిస్క్‌లో 2 లక్షలకు పైగా పడతాయి. ఫోటోలని 'కట్' చెయ్యకండి, 'కాపీ' చెయ్యండి. అక్కడ పది ఫోటోలైనా తెరిచి చూసి, సరిగ్గా వచ్చాయనుకున్నాకే ఇక్కడివి తీయండి. ఆ డిస్క్ కూడా ఎప్పుడో పాడవ్వొచ్చు. అందుకని ముఖ్యమైనవి ఇంకో చోట కూడా ఉండాలి. డి లోకి మార్చాం కదా, చాలనుకోవద్దు. చాలా కంప్యూటర్లలో సి, డి ఒకే బీరువాలోని రెండు అరలు. బీరువా పోతే రెండూ పోతాయి.

'వన్‌డ్రైవ్' వాడేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఇంకోటుంది. ఆ ఫోల్డర్‌లోది ఇక్కడ డిలీట్ చేస్తే పైన దాచింది కూడా పోతుంది. జాగా కావాలంటే ఫైలు మీద కుడివైపు బటన్ నొక్కి 'ఫ్రీ అప్ స్పేస్' అనాలి. అప్పుడు ఫైలు పైన భద్రంగా ఉంటుంది, ఇక్కడి జాగా ఖాళీ అవుతుంది.

ఈ మాయమాటలు నమ్మకండి

ఏదో చూస్తుండగా తెరంతా ఎర్రగా మారి "మీ కంప్యూటర్ నిండిపోయింది, వైరస్ పట్టింది, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి" అని రావచ్చు. చెయ్యకండి! మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. బ్రౌజర్ మూసెయ్యండి, మూసుకోకపోతే కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టండి. "ఉచితంగా శుభ్రం చేస్తాం" అనే ప్రకటనలు నొక్కి ఏవీ దించుకోకండి. ఒకవేళ ఎవరైనా అలా డబ్బు పోగొట్టుకుంటే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. అది సైబర్ మోసాల ఫిర్యాదులకి ప్రభుత్వం పెట్టిన నంబరు.

చివరగా ఒక చిట్కా. నెలకోసారి పాత పేపర్లు అమ్మే రోజునే కంప్యూటర్ చెత్తబుట్ట, డౌన్‌లోడ్స్ కూడా చూసుకునే అలవాటు చేసుకోండి. సి డ్రైవ్‌లో ఒక 20 జీబీ ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. విండోస్ తన మార్పులు చేర్పులు చేసుకోడానికి వంటింట్లో గట్టు మీద ఖాళీ కావాల్సినట్టే దానికీ కాస్త చోటు కావాలి. ఈ పనికి మీ అబ్బాయి సెలవులకి వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఇవాళ మధ్యాహ్నం తీరిక చేసుకుని ఆ చెత్తబుట్టతోనే మొదలుపెట్టండి!