భిలాయి నుంచి బీచ్ దాకా

భిలాయి పక్కనే ఉన్న దుర్గ్‌లో పొద్దున్నే వందేభారత్ ఎక్కితే మధ్యాహ్నానికల్లా విశాఖ. 2024 సెప్టెంబరులో ఈ రైలు వచ్చాక భిలాయి తెలుగువాళ్లకు సముద్రం పక్కూరి చుట్టమైపోయింది.

1959లో ఉక్కు కర్మాగారం మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన భిలాయిలో ఉత్తరాంధ్ర కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్ల పిల్లలకు మాత్రం విశాఖ అంటే సింహాచలం మొక్కు, ఆర్కే బీచ్‌లో ఒక ఫొటో. అంతే!

ఈ సంచిక ఆ రెండూ దాటి వెళ్తుంది. నౌకాదళం నుంచి విరమణ పొంది 2002లో మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి సంగతే చూడండి: ఒక గదిలోంచి మరో గదికి గుండ్రటి తలుపులో కాలెత్తి, తల వంచి దూరాలి. ఫర్నేస్ వేడి ఎరిగిన కార్మికులు కూడా లోపలి ఇరుకుకు నోరెళ్లబెడతారు. సోమవారం సెలవు.

భీమిలి దారిలో తొట్లకొండ బౌద్ధ స్తూపాలు, ఊళ్లో డచ్చివాళ్ల పాత సమాధులు. సాయంత్రం ఇసుకలో నిలబడి, ఉల్లిముక్కలూ నిమ్మరసమూ దట్టించిన మురీ మిక్చర్ తినాల్సిందే. దాని ముందు హోటల్ భోజనాలు దిగదుడుపే.

ఒక్క మనవి: ఆర్కే బీచ్ అలల్ని నమ్మకండి. పిల్లల్ని లోతుకు పోనివ్వకండి.