నిమ్మకు గిరాకి వేరు, బత్తాయికి గిరాకి వేరు

గడచిన కార్యవర్గ సమావేశమున క్రొత్త నిమ్మతోటల కొరకు అప్పు కోరుచు వచ్చిన అర్జీలను చదివి వినిపించిరి. అర్జీదారులలో పెక్కుమంది చూపిన కారణ మొక్కటియే: 2022వ సంవత్సరపు వేసవిలో నిమ్మకాయ పలికిన ధర. ఆ ఏప్రిలు నెలలో ఢిల్లీ చిల్లర బజారులలో కిలో నిమ్మకాయలు 300 రూపాయలు దాటి అమ్ముడుపోయినవి. ఒక్కొక్క కాయకు పది రూపాయలిచ్చి కొనుటయు చూచితిమి. ఆ ధర రైతు మనస్సున నాటుకొనినది. నాటుకొనుట సహజమే. కాని అది ఏల వచ్చినదో, వచ్చినది ఏల నిలువలేదో విచారింపక అప్పుచేసి మొక్కలు నాటుట నాకు సమ్మతము కాదు. సంఘము ఆ అప్పుల నీయరాదనియే నా అభిప్రాయము. ఈ మాట కొందరికి కష్టముగా తోచును గనుక కారణములను కొంచెము వివరముగా వ్రాయుచున్నాను.

ధర పడినప్పుడెల్ల మనము దళారిని నిందింతుము. దళారి నిర్దోషి యని నేను చెప్పను. సూటు అను పేరిట టన్నుకు క్వింటాలు తరుగు తీయుట కన్నులార చూచినవాడను. అయినను ధరకు మూలము దళారి కాడు. పట్టణమున సంచి చేతబట్టుకొని కూరగాయల దుకాణము ముందు నిలిచిన ఇల్లాలే దానికి మూలము. ఆమె ఎన్ని కాయలు కొనును? ధర పెరిగిన ఎన్ని తగ్గించును? ధర తగ్గిన ఎన్ని పెంచును? ఈ సంగతి తెలిసికొనక మనము మొక్కలు కొనుచున్నాము.

నిమ్మకాయను చూడుడు. ఒక సంసారమునకు వారమునకు నాలుగు కాయలు చాలును. పులిహోరలోనికి, చారులోనికి, మజ్జిగలోనికి, వేసవియైనచో షరబత్తునకు. కాయ అయిదు రూపాయలైనను ఆమె కొనక తప్పదు. మహా అయిన ఒకటి తగ్గించును. రూపాయికి దిగినను నలుబది కొనదు, ఆరు కొనును. ఏడవది వంటింట ఎండిపోవును. అమ్మవారికి దండ గ్రుచ్చువారు కాయ చవుకైనదని రెండు దండలు వేయరు. లారీకి మిరపకాయలతో కూర్చి కట్టునది ఎప్పుడును ఒక్క కాయయే. ఊరగాయ పెట్టువారు మాత్రము చవుక దినములలో కొంత ఎక్కువ కొందురు. అదియు ఏటి కొకమారే.

వేయి ఇండ్ల పేట యొకటి కలదనుకొందము. కాయ 5 రూపాయలున్నప్పుడు ఇంటికి 4 చొప్పున 4,000 కాయలు చెల్లును. 20,000 రూపాయలు వచ్చును. కాయ రూపాయికి దిగినప్పుడు ఇంటికి 6 చొప్పున 6,000 కాయలు చెల్లును. 6,000 రూపాయలే వచ్చును. కాయలు ఒకటిన్నర రెట్లైనవి. సొమ్ము మూడవ వంతునకంటెను తక్కువైనది. కోతకూలి, బస్తా, బాడుగ మాత్రము కాయలతోపాటు పెరిగినవి. ఈ అంకెలు లెక్క తెలియుటకై నేను కల్పించినవే. నేను చదివిన మిషను బడిలో ఉపాధ్యాయులు పలకమీద ఇట్టి పేటలను, ఇట్టి సంతలను ఎన్నిటినో కట్టించిరి. అప్పుడు విసుగు పుట్టెడిది. ఇప్పుడు వానితోనే బ్రతుకుచున్నాను. మీ మీ పట్టీలు తీసి, ఎక్కువ బస్తాలు పోయిన నెలకు ఎంత వచ్చినదో, తక్కువ పోయిన నెలకు ఎంత వచ్చినదో చూడుడు. నా పేట కల్పితమైనను దాని నడక కల్పితము కాదని తెలియును.

ఇది ఎప్పుడో కనిపెట్టిన సంగతి. ఇంగ్లండు దేశమున గ్రెగరీ కింగు అనునాతడు ధాన్యమును గూర్చి కట్టెనని చెప్పెడు లెక్క 1699లో చార్లెస్ డావెనంటు గ్రంథమున వెలువడినది. పంట పదింట ఒకవంతు తగ్గినచో మామూలు ధరకు పదింట మూడువంతులు హెచ్చు చేరుననియు, పంట సగమే పండినచో నాలుగున్నర రెట్లు హెచ్చు చేరుననియు అందు కలదు. వస్తువు లేక తీరనిదియు, ఎక్కువైన పనికిరానిదియు అయినచోట ధర ఇట్లే ఉయ్యాలలూగును. నిమ్మ ధాన్యమంతటి ముఖ్యవస్తువు కాకున్నను ఈ గుణమున దానికి చుట్టమే.

2022లో జరిగినదియు ఇదే. ఆ మార్చి నెల, ఈ దేశమున 1901 నుండి వ్రాసియుంచిన లెక్కలలో, అన్ని మార్చి నెలలకంటె వేడియైనది. ఎండకు పూతయు పిందెయు రాలినవి. ఏప్రిలు ఆరంభముననే రంజాను ఉపవాసములు వచ్చినవి; వేసవి దాహము, ఉపవాసపు షరబత్తు ఒక్కమారే కాయను కోరినవి. కాయ కొరవడినంతనే ధర ఆకాశమునకెక్కినది. వానలు పడి కాయ దిగగానే ధరయు దిగినది. కావున ఆ ధర నిమ్మతోటల లాభమునకు గురుతు కాదు, ఆ యేటి కొరతకు గురుతు. ధర పలికినపుడు కాయ అమ్మినవాడు లాభపడెను. ధర చూచి మొక్క నాటినవాడు మూడు నాలుగేండ్లకు గాని తొలి కాయ చూడడు, ఏడెనిమిదేండ్లకు గాని నిండు కాపు చూడడు. అప్పటికి, అదే ధర చూచి నాటినవారి తోటలన్నియు వానితోపాటే కాయును. ఒక వానకాలమున బజారునకు తెచ్చిన కాయకు బాడుగయైనను రాక, తిరిగి కొనిపోవుటకు మరల బాడుగ పెట్టలేక, బస్తాలను అచ్చటనే విడిచి రాత్రి బస్సునకు పోయిన రైతును నేనెరుగుదును. ఆతనితో నేనును ఆ బస్సుననే వచ్చితిని. దారిపొడవునను ఆతడు మాటాడలేదు.

ఇక బత్తాయి. రాయలసీమలో దీనినే చీనీ అందురు. దీని నడక నిమ్మకు కేవలము ఎదురు. బత్తాయి లేకున్నను ఇల్లు గడచును. బియ్యము, పప్పు, నూనె, పాలు కొనిన పిమ్మట చేతిలో మిగిలిన దానితో కొనవలసిన పండు ఇది. ధర హెచ్చిన ఇల్లాలు దీనిని విడిచి అరటిపండ్లు కొనును, జామకాయలు కొనును. ధర తగ్గినచో నిన్నటివరకు కొననివారును కొందురు. కిలో 80 రూపాయలైనపుడు మన పేటలో నూరిండ్లవారు కిలో చొప్పున కొందురనుకొనుడు, 8,000 రూపాయలు. 50కి దిగినపుడు రెండువందల ఇండ్లవారు కొనినచో 10,000. కాయయు ఎక్కువ చెల్లెను, సొమ్మును ఎక్కువ వచ్చెను. నిమ్మలో ఇట్లు జరుగదు.

అయినచో బత్తాయి రైతు ఏల ఏడ్చుచున్నాడు? రెండు కారణములు నాకు కానవచ్చుచున్నవి.

మన జనులు దీనిని చిరకాలము రోగి పండుగా ఎంచుట మొదటిది. ఆసుపత్రిలోని బంధువును చూడబోవువారు అరడజను బత్తాయిలు సంచిలో వేసికొని పోవుదురు. జ్వరము వచ్చిన ఇంట గిరాకి. జ్వరము దిగిన గిరాకియు దిగును. రోగుల సంఖ్యను నమ్ముకొని బ్రతుకుట వైద్యునికి చెల్లునుగాని తోటవానికి చెల్లదు. కాలిఫోర్నియా నారింజ రైతులకును ఒకప్పుడు కాయ ఎక్కువై కొనువారు తక్కువైరి. వారు 1893లో కూడి స్థాపించుకొనిన విక్రయ సంఘమే తరువాత సన్‌కిస్ట్ అను పేర ప్రసిద్ధమైనది. 1907లో వారు రైలు కంపెనీతో కలిసి అయోవా రాష్ట్రమున పత్రికా ప్రకటనలు వేయించి, అంతవరకు పండుగపండుగా నున్న నారింజను నిత్యపు పండు చేయబూనిరి. 1916 మొదలు పండును తినుటయేకాక పిండి త్రాగుడని దేశమంతట చాటిరి. ఇందలి మర్మము చిన్నది. ఒలిచి తిన్నవాడు ఒక్క పండుతో తృప్తిపడును. గ్లాసెడు రసమునకు రెండు మూడు పట్టును. మన పట్టణములలో రసపు బండ్లు, దుకాణములు పెరుగుట నాకు సంతోషకరము. అవి మనము పెట్టుబడి పెట్టకయే వెలసిన గిరాకి.

రెండవ కారణము దీనికంటె పెద్దది. తోటలో ధర పడినంతగా బజారులో పడుటలేదు. తోటకడ కిలో 18 రూపాయలకు తూచి ఇచ్చిన పండునే అదే వారమున పట్టణమున 60 రూపాయలకు కొని తింటిని. పట్టణపు ఇల్లాలికి కాయ విస్తారమైనదను వార్త చేరనేలేదు! ఆమెకు తెలిసినది 60 రూపాయల ధరయే. ధర తగ్గిన ఎక్కువ కొనునట్టి వస్తువు ధర ఆమెకడ తగ్గకున్నచో ఆమె ఎక్కువ ఎట్లు కొనును? కాయ మండీలో కుప్పపడును. బత్తాయికి గిరాకి లేదని మనము వాపోవుదుము. గిరాకి కలదు, దారిలో చిక్కుకొనినది.

ధర హెచ్చుగా నిలిచిన మంచిదే కదా యని యడుగువారికి ఫ్లోరిడా సంగతి చెప్పవలెను. అచ్చట నారింజ తోటలకు 2005లో పచ్చతెగులు కానవచ్చినది. 1997–98లో 24 కోట్ల పెట్టెలకు పైగా కాసిన రాష్ట్రము 2024–25 నాటికి కోటిపైన మరి కొద్ది పెట్టెలకు దిగినది. గడ్డకట్టించిన రసము పౌను ధర 2024 చివర 5 డాలర్లు దాటెను. 2025 మార్చి నాటికి అది దాదాపు సగమునకు పడినది. కాయ మరల విస్తారమగుటవలన మాత్రమే కాదు. ఆ ధరకు త్రాగువారు ఇతర పానీయములకు మరలిపోయిరి. బత్తాయి వంటి పండునకు హెచ్చు ధర చిరకాల మిత్రము కాదు.

ఇకముందు కొనువారి చేతిలో మిగులు ఉండునా? ఉండుననియే నా తలపు. సంసారము బీదదైనకొలది దాని వ్యయములో తిండి పాలు హెచ్చగునని జర్మను పండితుడు ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో చూపెను. మన దేశపు కుటుంబవ్యయ లెక్కలును అదియే చెప్పుచున్నవి. గ్రామసీమలలో నూటికి తిండికగు వ్యయము 1999–2000లో 59 పాళ్లు, 2022–23లో 46 పాళ్లు. అందులోను ధాన్యములకగునది 22 పాళ్లనుండి 5 పాళ్ల లోపునకు దిగినది. ఉచితముగా వచ్చు రేషను బియ్యమును ఇందులకు కొంత కారణమే. ఏది యెట్లున్నను, బియ్యమునుండి మిగిలిన రూపాయి పాలకు, గ్రుడ్లకు, పండ్లకు పోవుచున్నది. ఆ రూపాయి బత్తాయి దుకాణమునకు రావచ్చును, రాకపోవచ్చును. నిమ్మకు మాత్రము దానితో పనిలేదు. ధనవంతుడైనను పులిహోరలో రెండింతలు పిండుకొనడు.

కావున సంఘము చేయవలసినది రెండు పంటలకును ఒక్కటి కాదు. నిమ్మలో కాయను పెంచుటకు కాక, కాయ వచ్చు నెలను మార్చుటకు అప్పు ఈయవలెను. మన తోటలలో పూత విస్తారముగా వచ్చునది జనవరి, ఫిబ్రవరి నెలలలో; కాయ వానకాలమున దిగును, ధరలేని కాలమున. సెప్టెంబరు, అక్టోబరులలో పూయించినచో వేసవికి అందును. నీరు మాన్పి చెట్టును ఎండగట్టుట వాడుకలోనున్న పద్ధతియేగాని ఆ నెలలలో మనకు వాన విడువదు. అందుచేతనే పరిశోధకులు జూనులో జిబ్బరెల్లిక్ ఆమ్లము, సెప్టెంబరులో సైకోసెల్ చల్లుటను సిఫారసు చేసిరి. మొదట ఒక వరుస చెట్లకు చల్లి చూడదలచినవారు నన్ను అడిగిన మోతాదు చెప్పి దగ్గరనుండి చల్లించెదను. వేసవిలో కాయకు తడి చాలుటకై నీటికుంట త్రవ్వుకొనువారికి అప్పు ఇచ్చుటకు నేను మొదటి సంతకము చేయుదును.

బత్తాయికి కావలసినది ఏరివేత కొట్టమును, పట్టణమున మన సొంత దుకాణమును. పెద్దకాయ, నడిమికాయ, చిన్నకాయ కలిపి కుప్పగా అమ్మినచో చిన్నకాయ ధరయే అన్నిటికి కట్టుదురు. పెద్దది ఆసుపత్రుల వీధికి, నడిమిది ఇండ్లకు, చిన్నది రసపు బండ్లకు వేరుచేసి పంపవలెను. కాయ విస్తారమైన నెలలో దుకాణము ముందు పలకమీద తగ్గించిన ధర పెద్ద అక్షరములతో వ్రాయవలెను. రసపు ఫ్యాక్టరీ పెట్టవలెనని కొందరు మిత్రులు ఉత్సాహపడుచున్నారు. బత్తాయి రసము నిలువయుంచిన చేదెక్కునను సంగతి వారు మరువరాదు. దుకాణమునకు చాలని డబ్బు ఫ్యాక్టరీకి చాలదనునదియు మరువరాదు.

మనము నాటకున్న ఇతర జిల్లాలవారు నాటరా, అప్పుడు మనకేమి లాభము అని ఒక సభ్యుడు నాతో వాదించెను. ఆ వాదమున సత్యము కలదు. మనము మానినంత మాత్రమున దేశములో నిమ్మధర నిలువదు. కాని ధర పడిన నాడు, నాటిన తోటపై అప్పు లేనివాడు కాయను చెట్టుననే విడిచి ఊరకుండగలడు. అప్పున్నవాడు కిస్తీకొరకు నష్టమునకైన కోయవలెను.

వచ్చెడు సర్వసభ్య సమావేశమున ఈ అర్జీలు తీర్మానమునకు రానున్నవి. సభ్యులందరును గత రెండు సంవత్సరముల పట్టీలను వెంట తెండు. ఏ నెలలో ఎన్ని బస్తాలు పోయినవో, చేతికి ఎంత వచ్చినదో ఒక కాగితమున వ్రాసి తెచ్చినచో మరియు మంచిది. వ్రాయనేరనివారు ముందుదినము సాయంకాలము సంఘ కార్యాలయమునకు వచ్చిన నేను కూర్చుండి వ్రాసిపెట్టెదను.