లోపల ఏమడిగారు?

సౌకార్‌పేటలో గుజరాతీ, మార్వాడీ, తెలుగు షావుకార్లు తరతరాలుగా పక్కపక్కనే అంగళ్లు నడుపుతున్నారు. బేరంలో పోటీ పడతారు. చిల్లర చాలకపోతే మాత్రం పక్క అంగడికే మనిషిని పంపుతారు. ఆ వీధుల్లో పెరిగిన పిల్లలే పదకొండో తరగతి ఇంటర్వ్యూ నాడు బడి వరండాలో ఒకే బెంచీ మీద కూర్చొని కూడా ఒకరినొకరు పలుకరించుకోరు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా?

“ఎవరితోనూ మాట్లాడకు, చదివింది మరచిపోతావు” అని ఇంట్లో చెప్పి పంపుతారు. బయటకు వచ్చినవాణ్ని “లోపల ఏమడిగారు?” అంటే, వాడు తండ్రివైపు చూచి “ఏమీ అడగలేదు” అంటాడు. సీట్లు లెక్కగా ఉంటాయి కదా, చెబితే తన సీటు పోతుందని భయం. ఆ భయం వట్టిదని నేననను. 2009 నాటి విద్యాహక్కు చట్టం చేరిక సమయంలో వడపోత కూడదన్నది ఆరు నుండి పద్నాలుగేండ్ల పిల్లల విషయంలోనే. పదకొండో తరగతికి ఆ రక్షణ లేదు. అయితే ఈ తరగతిలో మొదట చూచేది మార్కుల జాబితా. పక్కవానితో మాట్లాడితే అది పెరగదు, తరగదు. ఇక లోపల అడిగేవి ఏ గ్రూపు కావాలి, ఎందుకు కావాలి వంటి ప్రశ్నలు. వాటికి ఒకరి జవాబు మరొకరికి పనికిరాదు. పైగా గంటసేపు నోరు కట్టుకొని కూర్చున్నవానికి లోపల తమిళంలోనో ఇంగ్లీషులోనో ఒక్కసారిగా మాట్లాడాలంటే గొంతు పెగలదు.

మనకు మరొక లెక్క కూడా ఉంది. 2006లో వచ్చిన చట్టం పదో తరగతి వరకు తమిళాన్ని తప్పనిసరి చేసింది. పదకొండులో మొదటి భాషగా తెలుగు కోరుకోవచ్చు. కోరితే, “నువ్వొక్కడివే అడుగుతున్నావు. ఒక్కడికోసం అయ్యవారిని ఎక్కడినుండి తెస్తాం? ఫ్రెంచి తీసుకో” అనవచ్చు. వెనుక వెళ్లినవానికీ అదే మాట. ఒకే బెంచీ మీది నలుగురు తెలుగు పిల్లలు విడివిడిగా వెళ్లి, నలుగురూ “నువ్వొక్కడివే” అనిపించుకొని రావడం నేను చూచాను. “మీ ఇంటిపేరేమిటి?” అని ఒక్కరడిగినా తెలిసిపోయేది. మన పెద్దలు రైలెక్కగానే అడిగే మొదటి ప్రశ్న అదే! నలుగురూ కలిసి అర్జీ పెట్టుకొని ఉంటే తరగతి తప్పక వచ్చేదని చెప్పలేను కాని, “ఒక్కడివే” అనే వీలు మాత్రం ఉండేది కాదు.

సాయంత్రం నోటీసు బోర్డు మీద జాబితా అంటించారు. నలుగురి పేర్ల పక్కనా ఫ్రెంచి అనే ఉంది. గేటు దాటుతూ ఒక తల్లి పక్కావిడను, “అక్కా, మీరూ తెలుగువాళ్లేనా?” అని అడుగుతోంది.