ఫిబ్రవరిలో వచ్చే ఆ ఐదుగురు అక్కచెల్లెళ్లు



కదిరిలో డిగ్రీ చదివే ఒక తమ్ముడు మొన్న మీటింగ్ అయిపోయాక నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "అన్నా, అంబేడ్కర్ గురించి ఇంతసేపు మాట్లాడతావు. పొద్దున్నే లేచి బైబిలు చదువుతావంట, నిజమేనా?"

నిజమే తమ్ముడూ. ఆ రోజు బస్సుకు టైమయిందని నవ్వి తప్పించుకున్నాను. సరిగ్గా జవాబు చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి, నేను చేసిన తప్పు చెప్పాలి. బస్టాండులో నిలబడి చెప్పే మాట కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది నంబులపూలకుంట మండలం. మా అమ్మ బడికి పోలేదు. పెళ్లయి మేమిద్దరం పుట్టాక చర్చిలో పాస్టరమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకుంది. ఆమె చదివిన పుస్తకం జీవితం మొత్తంలో ఒకటే, బైబిలు. వేలు పెట్టి, ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివేది. రోజుకు మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు. అట్లా చదివితే మొత్తం 1,189 అధ్యాయాలు ఏడాదిలో అయిపోతాయి. వంశావళులు, జనాభా లెక్కలు, బలుల వివరాలు, ఏదీ వదిలేది కాదు. "ఇవన్నీ ఎందుకమ్మా?" అంటే, "రాసినోళ్లు ఎందుకో రాసుంటారు లే నాయనా" అనేది.

ఇప్పుడు మా సంఘాల్లో ఎక్కువమంది చదివే పద్ధతి వేరు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీసుకుంటాం. ఏడాదంతా అదే మన వాక్యం. రోజూ పొద్దున ఫోన్లో ఇంకో వాక్యం వస్తుంది, రంగురంగుల పూల బొమ్మ మీద. ఆశీర్వాదం, విడుదల, హెచ్చింపు. నేను కాదనను. కష్టంలో ఉన్నవాళ్లకు ధైర్యం కావాలి. కానీ కార్డు మనకు నచ్చే మాటే చెబుతుంది. వరుసగా చదివితే మనకు నచ్చని పేజీ కూడా ఏదో ఒక పొద్దున ఎదురొస్తుంది. నాకు ఎదురొచ్చింది.

మా నాయన పేరు మీద మూడెకరాల డీకేటీ పట్టా ఉండేది. వాన పడితే బుడ్డలు, పడకపోతే బెంగళూరు కూలి. మా మండలానికి సోలార్ పార్కు వచ్చింది. 2016లో ఇక్కడ ఎన్టీపీసీ 250 మెగావాట్ల ప్లాంటు కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు కుంట వైపు వస్తే చేలు ఉన్నచోట నల్లటి పలకలు కనిపిస్తాయి. పార్కు కోసం తీసుకున్న భూముల్లో మా చేను కూడా పోయింది.

అప్పుడు నేను ఊరూరా తిరిగాను. డీకేటీ భూమికి కూడా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లోనే మన హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో తీర్పు చెప్పింది. ఆ తీర్పు జిరాక్సు కాపీ ఎప్పుడూ నా సంచిలో ఉండేది. "మమ్మల్ని అడగకుండా మా భూమి మీద నిర్ణయం వద్దు" అని మైకులో మాట్లాడాను. జనం చప్పట్లు కొట్టారు.

ఆ పరిహారం డబ్బు వచ్చేనాటికి మా అమ్మానాయన ఇద్దరూ లేరు. మిగిలింది నేను, మా అక్క. అక్క ఏడో తరగతిలో బడి మానేసింది, ఇద్దరిని చదివించే స్తోమత ఇంట్లో లేక. ఆ చేలో కలుపు తీసింది, బుడ్డలు పీకింది, ఆ కూలి మిగులుతోనే నేను కాలేజీకి పోయాను. ఇప్పుడు హిందూపురం దగ్గర గార్మెంట్స్ లో పని చేస్తుంది.

నేను ఒక కాగితం పట్టుకుని ఆమె దగ్గరికి పోయాను.

"అక్కా, ఇక్కడొక సంతకం పెట్టు."

"దేనికి రా?"

"ఊరికే. ఆఫీసు కాగితం."

పెట్టింది. ఆ కాగితంలో ఉన్నది తనకు అభ్యంతరం లేదని. ఆ డబ్బుతో నేను ఇంటికి స్లాబు వేసుకున్నాను. మా సంఘంలో పరిహారం వచ్చిన వాళ్లందరికీ దశమ భాగం గురించి ప్రసంగం జరిగింది. ఇంటి ఆడపిల్ల భాగం గురించి ఒక్క మాట కూడా రాలేదు. నేనూ ఎత్తలేదు.

అమ్మ బైబిలు నా దగ్గరే ఉంది. భక్తితో కాదు, అమ్మ జ్ఞాపకం కోసం ఒక జనవరిలో ఆమె లెక్క ప్రకారమే మొదలుపెట్టాను. ఆ లెక్కలో ఫిబ్రవరి మధ్యకు వచ్చేసరికి సంఖ్యాకాండం 27వ అధ్యాయం వస్తుంది.

సెలోపెహాదు అనే ఆయన కొడుకుల్లేకుండా చనిపోతాడు. ఆయన కూతుళ్లు ఐదుగురు: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. భూమి పంచే సమయం వచ్చింది, వీళ్ల ఇంటికి మాత్రం వాటా లేదు. వాళ్లు మేనమామతోనో చిన్నాయనతోనో కబురు పంపలేదు. గుడారం వాకిట్లో మోషే ముందు, యాజకుడి ముందు, పెద్దల ముందు, సమాజమంతా చూస్తుండగా నిలబడి మాకూ భూమి ఇవ్వండని అడిగారు. మోషే తనకు తెలిసిన చట్టం చెప్పి పంపేయలేదు. దేవుణ్ణి అడిగాడు. ఆ ఆడపిల్లలు చెప్పింది న్యాయమేనని జవాబు వచ్చింది.

చదివి నేనేం చేశానో తెలుసా? తప్పించుకునే దారి వెతికాను. దొరికింది కూడా. ఆ అక్కచెల్లెళ్లకు అన్నదమ్ములు లేరు. అక్కడ పెట్టిన చట్టం కూడా కొడుకు లేకపోతేనే కూతురికి అని. మా అక్కకు నేనున్నాను కదా! హమ్మయ్య అనుకుని పుస్తకం మూసేశాను.

మూడు రోజుల తర్వాత 36వ అధ్యాయం. ఈసారి మోషే దగ్గరికి వచ్చింది ఆ వంశం మగ పెద్దలు. వీళ్లు వేరే గోత్రం వాళ్లను పెళ్లి చేసుకుంటే భూమి బయటికి పోతుందని వాళ్ల బాధ. ఆడపిల్లకు భూమి వస్తుందనగానే ఆమె పెళ్లి గురించి పంచాయితీ మొదలైంది. సొంత గోత్రంలోనే చేసుకోవాలని షరతు పడింది. బైబిల్లో ఇది కూడా ఉంది, దాచాల్సిన పని లేదు. మా రచ్చబండ మీద కూర్చునే పెద్దమనుషులు అక్కడ అచ్చుగుద్దినట్టు కనిపించారు. వాళ్ల మధ్యలో నేనూ కూర్చుని ఉన్నాను.

మార్చి మొదటి వారంలో యెహోషువ 17. మోషే చనిపోయాడు, దేశం చేతికొచ్చింది, భూమి పంచుతున్నారు. ఆ ఐదుగురు మళ్లీ వచ్చి అడగాల్సి వచ్చింది. ఆర్డరు ఎప్పుడో అయింది, భూమి మాత్రం చేతికి రాలేదు. చేతిలో పట్టా కాగితం ఉండి చేను ఎక్కడుందో తెలియని మన జనానికి ఇది వేరే వివరించాలా?

ఇక మే నెలాఖరు, యోబు చివరి అధ్యాయం. అన్నీ పోగొట్టుకున్న యోబుకు మళ్లీ అన్నీ వస్తాయి. ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. ఆయన ఆ కూతుళ్లకు వాళ్ల అన్నదమ్ములతో పాటే ఆస్తి ఇచ్చాడు. అన్నదమ్ములతో పాటే! ఫిబ్రవరిలో నేను మూసుకున్న తలుపు మేలో తెరుచుకుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మనలో చాలామందికి కాగితం మీద ఒక మతం, ఆదివారం ఇంకో మతం. దానికి సిగ్గుపడాల్సింది మనం కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను మతానికి ముడిపెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవ దళితులను ఇప్పటికీ బయటే ఉంచారు. ఆ అన్యాయం మీద కొట్లాడుతూనే ఉంటాం. కానీ మా అక్క వాటాకు ఈ చిక్కు కూడా అడ్డం రాదు. హిందువు అంటారా, తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన సొంత ఆస్తిలో కూతురికి సమాన వాటా అని 1956 వారసత్వ చట్టం చెబుతుంది. క్రైస్తవులు అంటారా, 1925 భారత వారసత్వ చట్టంలో కొడుకూ కూతురూ సమానమే. ఏ కాగితం తీసినా నేను తప్పే.

అంబేడ్కర్ 1951 సెప్టెంబర్లో న్యాయ మంత్రి పదవి వదులుకున్నారు. హిందూ కోడ్ బిల్లును నడిమధ్యలో వదిలేయడం అందుకు పెద్ద కారణం. ఆడపిల్లకు ఆస్తిలో వాటా ఆ బిల్లులో ఒక ముఖ్యమైన భాగం. ఆ మహానుభావుడి ఫోటోకు నేను దండ వేసింది ఏ ఇంట్లో? అక్క వాటాతో స్లాబు వేసిన ఇంట్లో.

జూన్లో అక్కకు ఫోన్ చేశాను. కాగితం సంగతి, డబ్బు సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"సంతకం పెట్టేటప్పుడే చదివినా రా. ఏడో తరగతి దాకా నేనూ చదివినా కదా. నువ్వు నోరు తెరిచి అడుగుతావేమో అని చూసినా."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. డబ్బు మొత్తం ఒకేసారి ఇచ్చే స్థితి నాకు లేదు. ఎంత ఇవ్వాలో ఇద్దరం కూర్చుని లెక్క రాసుకున్నాం. ఈసారి కాగితం ఆమె రాసింది, సంతకం నేను పెట్టాను. విడతలుగా ఇస్తున్నాను. ఇంకా సగం బాకీ ఉంది.

తమ్ముడూ, ఇదీ నీ ప్రశ్నకు నా జవాబు. బైబిలు చదివితే మనిషి మంచోడవుతాడని నేను చెప్పడం లేదు. నేను రోజూ చదివే మనిషినే, యోబు దాకా వచ్చినా గానీ కదల్లేదు. అంబేడ్కర్ని చదివినా అంతే, మనకు పనికొచ్చే పేజీ మాత్రమే చదివితే ఆయన కూడా వాగ్దానం కార్డు అయిపోతాడు. నేను పొద్దున్నే చదివేది ధైర్యం కోసం ఒక్కటే కాదు. అధికారి ముందు నేను అడిగిన న్యాయాన్ని మా ఇంట్లో నన్ను అడిగేవాళ్లు ఉండాలని చదువుతాను.

సెలవులకు ఊరికి పోయే విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. ఇంట్లో పట్టా పుస్తకం తీయండి. వారసుల్లో అక్కచెల్లెళ్ల పేర్లు ఉన్నాయో లేదో చూడండి. ఉంటే, వాటి పక్కన ఎవరు ఎప్పుడు ఏ సంతకం పెట్టించుకున్నారో అడగండి. గొడవవుతుంది. కానీయండి.

జై భీమ్.