విద్యార్థులును, పోలీసు కొలువును

అమెరికా దేశమునందలి విశ్వవిద్యాలయములు పెక్కింటికి సొంత పోలీసుశాఖలు గలవు. ఈ సంగతి మన పాఠకులలో కొందఱకు వింతగా తోచవచ్చును. మన దేశమున కళాశాల ప్రాకారములోనికి పోలీసులు అడుగిడిరనగా ఏదో యుపద్రవము సంభవించినదని యర్థము. అచ్చట అట్లు గాదు. 1894వ సంవత్సరమున యేల్ విశ్వవిద్యాలయము న్యూ హేవెన్ పట్టణపు పోలీసులలో ఇరువురను తన యావరణమునకై ప్రత్యేకించుకొన్నది. నాటినుండి ఈ పద్ధతి క్రమముగా వ్యాపించినది. ఆయుధములు ధరించుటకును, నిందితులను నిర్బంధించుటకును చట్టబద్ధమైన యధికారముగల భటులు నేడు అచ్చటి పెద్ద విశ్వవిద్యాలయములలో ఉన్నారు. ఈ శాఖలలో పలుచోట్ల కొంత పనిని విద్యార్థులకే వేతన మిచ్చి అప్పగించుచున్నారు. మన బిడ్డలు వేలకొలదిగా ఆ దేశమునకు చదువులకై పోవుచున్న యీ దినములలో, ఈ కొలువు ఎట్టిది, దానికి హద్దు లేవి యను ప్రశ్న మనకు పరాయిది గాదు.

ముందుగా పని స్వరూపమును దెలిసికొనవలెను. గ్రంథాలయమునుండియో ప్రయోగశాలనుండియో రాత్రివేళ ఒంటరిగా బసకు పోవువారికి తోడు పోవుట ఇందు ముఖ్యమైనది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు జెందిన బర్క్‌లీ విద్యాస్థానమున ఈ యేర్పాటును 'బేర్‌వాక్' అందురు, తోడువచ్చువారు విద్యార్థులే. ఇదిగాక, మందిరముల తలుపులు తాళము పడినవో లేవో చూచుట, పోయిన వస్తువులను భద్రపఱచి సొంతదారులకు అందించుట, ఉత్సవములయందును క్రీడలయందును ద్వారములకడ నిలిచి జనులకు దారి చూపుట, కార్యాలయమున లెక్కలు వ్రాయుట మొదలగు పనులు గలవు. 1990లో చేయబడిన క్లెరీ చట్టము ననుసరించి ప్రభుత్వ ధనసాహాయ్యము పొందు ప్రతి విద్యాసంస్థయు తన యావరణములో జరిగిన నేరముల వివరమును ఏటేట ప్రకటింపవలెను. పోలీసుశాఖ గలచోట దినదినము చిట్టాను గూడ ఉంచవలెను. కావున వ్రాతపనికి కొదువ లేదు. ఈ విద్యార్థులకు తుపాకి యుండదు. ఒకరిని పట్టి నిర్బంధించు నధికారమును ఉండదు. అపాయము కనబడినచో రేడియోమూలమున భటులకు దెలుపుటయే వారి విధి.

ఇట్టి పనిని మేము గౌరవింతుము. చదువుకొనువాడు చేతులతో పని చేసినంత మాత్రమున వానికి వచ్చు లోపము లేదు. కెంటకీ రాష్ట్రమందలి బెరియా కళాశాలలో విద్యార్థులయొద్ద బోధనరుసుము పుచ్చుకొనరు. అందుకు మాఱుగా ప్రతి విద్యార్థియు వారమునకు కనీసము 10 గంటలు పని చేయవలెను. బీదవిద్యార్థులకు కళాశాలలలో పని కల్పించి, వేతనములో పెద్దభాగమును ప్రభుత్వమే భరించు పద్ధతిని అమెరికా ప్రభుత్వము 1964లో చట్టముచే నెలకొల్పినది. మన దేశమున వారములు చేసికొని, ఇంటింట భోజనము చేయుచు, వీథిదీపముక్రింద చదివి పెద్దలైనవా రెందఱో గలరు. పరుల యన్నము తిని చదివినవారిని మనము గౌరవించితిమి గదా, తన కష్టార్జితముతో చదువువానిని అంతకంటె నెక్కుడుగా గౌరవింపవలదా?

మన విద్యార్థుల స్థితిని గూడ ఆలోచింతము. 2023-24వ విద్యాసంవత్సరమున అమెరికాలో భారతీయ విద్యార్థుల సంఖ్య 3 లక్షల 31 వేలు దాటినది. వారిలో తెలుగువారు తక్కువ కారు. కుమారుని చదువునకై మాగాణి యమ్మినవారును, ఇల్లు తాకట్టు పెట్టినవారును మన పాఠకులలోనే యుందురు. విదేశీయులైన విద్యార్థులకు పైని జెప్పిన ప్రభుత్వసాహాయ్యము వర్తింపదు. విశ్వవిద్యాలయము తన సొంత ధనముతో నిచ్చు పనిని మాత్రము, చదువు సాగు కాలమున, వారమునకు 20 గంటలకు మించకుండ వారు చేయవచ్చును. అనుమతి లేకుండ బయట దుకాణములలో పనిచేసి, ప్రవేశపత్రమునకే ముప్పు తెచ్చుకొనుటకంటె, ఆవరణములో చట్టసమ్మతముగా దొరకు పని వేయి రెట్లు మేలు. తోడునడుచు కొలువు లభించిన పిల్లవాడు తలవంచుకొనవలసిన పని లేదు.

అయినను పోలీసు అను పేరు వినినంతనే మనస్సు శంకించుటకు మనకు కారణము గలదు. 1907లో బిపినచంద్రపాలుని యుపన్యాసముల పిమ్మట, రాజమహేంద్రవరమున వందేమాతర మన్నందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ట్రెయినింగు కళాశాలనుండి బహిష్కృతులైరి. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములలో వందేమాతరము పాడిన విద్యార్థులను వెడలగొట్టగా, వారిలో పెక్కుర నాగపురపు విశ్వవిద్యాలయము చేర్చుకొన్నది. సభలలో వేగులవారు గూర్చుండి వక్తల మాటలు వ్రాసికొనిపోయిన దినములను ఈ దేశము మఱచిపోలేదు. ప్రక్కనున్నవాడు మిత్రుడో చారుడో తెలియనిచోట విద్య యుండదు. భయము మాత్ర ముండును.

ఇది దాస్యదేశములకే పరిమితమైన మాట యనుకొనవలదు. 2011 నవంబరు 18వ తేదీన కాలిఫోర్నియాలోని డేవిస్ విద్యాస్థానమున, నేలపై కదలక కూర్చుండి నిరసన దెలుపుచున్న విద్యార్థుల మొగములపై విశ్వవిద్యాలయ పోలీసు అధికారి ఘాటైన మిరపద్రవమును జల్లెను. మఱుసటి సంవత్సరము విశ్వవిద్యాలయము 21 మందికి తలకు 30,000 డాలర్ల చొప్పున పరిహార మిచ్చుట కొడబడినది. ఆ డేవిస్ పోలీసుశాఖయే విద్యార్థులను కొలువున నుంచుకొని కాపలా పనియు, రాత్రి తోడుపనియు చేయించునట్టిది. అట్టి శాఖయొద్ద జీతము దీసికొనువాడు, తన సహాధ్యాయులు నేలపై గూర్చున్న దినమున ఎచ్చట నిలువవలెను? ఈ చిక్కును జీతపు పత్రముపై చేవ్రాలు చేయుటకు ముందే విప్పుకొనవలెను.

మా యభిప్రాయము స్పష్టము. విద్యార్థి కావలివాడు కావచ్చును, వేగువాడు కారాదు. అతడు చేయవలసిన పనులు కాగితముపై వ్రాసియుండవలెను. సభలకును, నిరసనలకును అతనిని పంపరాదు. ఎవరేమి పలికిరి, ఎవరు ఎవరితో గూడిరి యని అతనిని అడుగరాదు. అడిగినప్పుడు నిరాకరించినచో కొలువు పోదను అభయము కావలెను. అతని దుస్తులు భటుని దుస్తులని భ్రమింపజేయునవిగా నుండరాదు. పరీక్షల వేళ పని భారము తగ్గవలెను.

దొంగతనమో దౌర్జన్యమో కంట బడినను మౌనముగా నుండవలెనా యని కొంద ఱడుగవచ్చును. ఉండరాదు. ఆపదలో నున్నవానికై కేకవేయుట జీతముతో నిమిత్తము లేని మనుష్యధర్మము. కాని నేరమును దెలుపుట వేఱు, అభిప్రాయమును అందించుట వేఱు. మొదటిది తోడివానిని రక్షించును. రెండవది తోడివానిని విక్రయించును. ఈ రెంటి నడుమ గీతను పోలీసుశాఖ గీయునని యెదురుచూడరాదు. విశ్వవిద్యాలయాధికారులును, విద్యార్థిసంఘములును కలిసి గీయవలెను.

మన విశ్వవిద్యాలయములు ఇందు గ్రహింపదగినదియు, వర్జింపదగినదియు గలదు. ఇచ్చట కాపలా పని తఱచుగా కంట్రాక్టుదారుల మనుష్యులు చేయుచుందురు. వారికి విద్యార్థుల ముఖపరిచయమైనను ఉండదు. రాత్రి గ్రంథాలయమునుండి వసతిగృహమునకు బోవు బాలికకు, తగిన జీతము పుచ్చుకొని తోటివిద్యార్థు లిద్దఱు దీపముతో తోడు నడచుట మేలు గాదా? ఈ యేర్పాటు పోలీసుశాఖక్రింద గాక విశ్వవిద్యాలయముక్రిందనే యుండవలెను. విశాఖపట్టణమందును, హైదరాబాదునందును ఒక్కొక వసతిగృహముతో దీనిని ప్రారంభించి చూడవచ్చును. అందుకు పెద్ద ధన మక్కఱలేదు.

సముద్రము దాటిన కుమారునకు ఉత్తరము వ్రాయు తండ్రు లందఱును ఒక్క మాట చేర్చి వ్రాయుదురు గాక: ఏ పనియైనను చేయుము, సిగ్గుపడకుము, నీ తోడివాడు నిన్ను జూచి మాట యాపవలసిన పని మాత్రము చేయకుము.